రాక్షసుడితో దోస్తీ

"పిల్లకు జర మర్యాద నేర్పరాదు? రాజనర్సు అస్తె సాలు, మంచం కిందికి దూరవట్టె!" అంది మా అత్త కనకవ్వ. నేను చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తున్నాను. నా చేతిలో కత్తెర ఉన్నప్పుడే ఆమెకు నా పెంపకం గుర్తొస్తుంది.

బతుకుదెరువుకు వలస వచ్చిన ఈ గోడాదరాలో, మా ఒంటిగదికి ఆ చీరల మూటలు తెచ్చేది రాజనర్సే. సిరిసిల్లలో మా వాడకట్టు మనిషి. మా ఆయన మహేశ్‌ని ఇక్కడ బట్టలు నేసే సాంచాల పనిలో పెట్టించిందీ ఆయనే. అందుకని మహేశ్‌కి ఆయన కాక అయ్యాడు, నాకు మామ, మా ఆరేళ్ల పాప ప్రసన్నకు తాత. వరస కలిశాక ఇంక కాదనేదేముంది! గుమ్మం నిండా ఉంటాడు మనిషి. వస్తూనే ప్రసన్న బుగ్గ కందిపోయేదాకా గిల్లుతాడు. ఫ్యాను రెక్కల దాకా ఎగరేస్తాడు. అది కేకలు పెడితే ఆయనకు ఆట. మహేశ్ కూడా నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు, పొద్దున లేస్తే పనిలోకి పోవాలి.

"నువ్వే సముదాయించు. నీ మాటింటది," అన్నాడు మహేశ్ నాతో. ఈ ఇంట్లో అందర్నీ సముదాయించే పని నాదే. దానికి కూలీ లేదు, సెలవూ లేదు.

సరేనని కథలు మొదలుపెట్టాను. తాటిచెట్టంత రాక్షసుణ్ణి చూసి ఊరంతా వణికిపోతుంది. ఒక్క చిన్నపిల్ల మాత్రం దగ్గరికెళ్లి బెల్లంముక్క పెడుతుంది. వాడు కరిగిపోయి దోస్తు అయిపోతాడు. ఒకరోజు కొండమీది రాక్షసుడు, ఇంకోరోజు తాపీ నదిలో రాక్షసుడు. అందరూ పైకే భయంకరం, లోపల మంచోళ్లు.

"మరి తింటే?" అనేది ప్రసన్న.

"తినడు బిడ్డా. నువ్వు నవ్వుతె వాడు మంచిగుంటడు."

ఈ ముక్క నేను కల్పించింది కాదు. నా పెళ్లినాడు మా అమ్మ చెప్పిందే. "మొగోళ్లు గట్లనే ఉంటరు. నువ్వు మంచిగుంటె ఆళ్లే మారుతరు." ఎవరు మారారు? మారిందల్లా నేను.

ఇవాళ రాజనర్సు మూట తెచ్చాడు. ప్రసన్న మంచం కిందికి దూరలేదు. డబ్బాలోంచి బెల్లంముక్క తీసుకెళ్లి ఆయనకిచ్చింది. ఆయన దాన్ని నోట్లో వేసుకుని, బుగ్గ గిల్లి, ఎత్తి ఎగరేశాడు. ఈసారి పిల్ల కేక పెట్టలేదు. నవ్వింది. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు. ఆ నవ్వు నాకు తెలుసు. అత్త నలుగురిలో నా కూరకు వంకలు పెట్టినప్పుడు, కత్తిరింపు బాలేదని ఈ మామ చీరలు నా ముఖాన విసిరినప్పుడు నేను నవ్వే నవ్వే అది. ఛీ, నా కథలు తగలబడ!

"దింపు మామా," అన్నాను.

"ఏందే కోడలా, నవ్వుతనే ఉన్నది గద!"

"అది నవ్వు గాదు. దింపు."

"సుభాషిణీ, ఊకో," అన్నాడు మహేశ్ పళ్ల బిగువున.

రాజనర్సు పిల్లను మరింత గట్టిగా అదుముకుని, గరుకు గడ్డం దాని ముఖానికి రుద్దాడు. "తాతకు ముద్దియ్యి, దింపుత."

ప్రసన్న నావైపు చూసింది. ఇంకా నవ్వాలా అని అడుగుతున్నాయి దాని కళ్లు.

"కొరుకు బిడ్డా," అన్నాను.

కొరికింది. రాజనర్సు చెంప పట్టుకుని "సచ్చిన్రో!" అంటూ దింపేశాడు. "గిదేం పెంపకం? ఇగ మీకు మూట లేదు, ఏం లేదు!" అని అరిచాడు. "మాఫీ అడుగవే పొల్లా!" అని అత్త. "ముందుగాల నువ్వడుగు!" అని నా మీదికి మహేశ్.

ప్రసన్నను ఒళ్లోకి తీసుకున్నాను. దాని గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి చూశాను.

"పండ్లు నొస్తున్నయా బిడ్డా?" అని అడిగాను.