బాయిలర్ రాజలింగం సోలార్ ప్యానెళ్లు

రాజలింగం సొంతూరు వదిలి బతకడానికి వచ్చి, పాండేసర అనే మిల్లుల పేటలోని ఒక రంగుల మిల్లులో బాయిలర్ మీద పనిచేసేవాడు. పారతో బొగ్గు వేయడం, ఆవిరి తగ్గకుండా చూడడం అతని పని. ఆ ఆవిరితోనే మిల్లులో చీరల గుడ్డకు రంగు పట్టేది. పొద్దంతా నిప్పు ముందర నిలబడే మనిషి కాబట్టి ఎండ అంటే అతనికి పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు. పక్కపేట బమ్రోలిలో తన డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నాక మాత్రం మనిషి మారిపోయాడు.

అవి బిగించిన నెలకే లాక్‌డౌన్ వచ్చింది. మిల్లు మూతపడింది. గల్లీలో సగం మంది రైళ్లెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. మనం కూడా పోదామని భార్య ప్రమీల అంటే, ప్యానెళ్లను ఎవరు చూసుకుంటారని అడిగాడు రాజలింగం.

"అవేమన్న బర్లా, రెండు పూటల పాలు పిండనీకి?" అంది ప్రమీల.

బర్లకన్నా ఎక్కువగానే చూసుకున్నాడు. పొద్దున లేచి మెత్తటి బట్టతో తుడిచేవాడు. ఎన్ని యూనిట్ల కరెంటు తయారైందో ఫోన్‌లో ఒక యాప్ చూపించేది. మిల్లులన్నీ మూతపడి ఆకాశం కడిగినట్టు ఉన్న రోజులు అవి. సాయంత్రం కాగానే పిట్టగోడ దగ్గర నిలబడి ఆ రోజు లెక్క అరిచి చెప్పేవాడు. "పద్నాలుగు" అంటే పక్క డాబా మీది సమ్మక్క చప్పట్లు కొట్టేది. ఆమెకు యూనిట్ అంటే ఏమిటో తెలియదు. ఇంట్లో కూర్చుని విసుగెత్తిన జనానికి ఏదో ఒక స్కోరు కావాలి, అంతే.

జూన్‌లో మిల్లు తెరిచారు. వానలు ఉన్నన్నాళ్లు లెక్క తగ్గినా రాజలింగం మబ్బులను తిట్టుకుని ఊరుకున్నాడు. దీపావళి వెళ్లింది, మబ్బులు పోయాయి, ఎండ చక్కగా కాసింది. లెక్క మాత్రం ఏడుకు పడిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మాస్కు, దాని మీద ఇంకో మాస్కు పెట్టుకున్న మనిషి ఒకడు వచ్చాడు. ప్యానెల్ మీద వేలు రాసి చూపించాడు. వేలు నల్లగా ఉంది. మిల్లు మసి అనీ, రోజూ కడుక్కోవాలనీ చెప్పి వెళ్లిపోయాడు.

రాజలింగం అక్కడే నిలబడి తూర్పు వైపు చూశాడు. అటు చాలా పొగగొట్టాలు ఉన్నాయి. అన్నిటికన్నా దగ్గరగా, అన్నిటికన్నా నల్లగా పొగ వదులుతున్నది తన మిల్లుదే. ప్రమీల కూడా అటే చూసింది.

"డ్యూటీల నువ్వే పొగవెడ్తవ్. ఇంటికొచ్చి నువ్వే తుడుస్తవ్. నీకు రెండు నౌకరీలు దొరికినయ్," అంది.

ఆ రాత్రి అన్నం తింటూ ఇద్దరూ ఒక ఉపాయం ఆలోచించారు. గాలి ఇంటి వైపు వీచినప్పుడు ప్రమీల ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక కాల్‌కు రాజలింగం రెండు పారల బొగ్గు తగ్గించాలి. బాయిలర్ హోరులో మాట ఎలాగూ వినపడదు. గాలి ఎటు వీస్తున్నదో తెలిసేలా ప్రమీల డాబా మీద ఒక కర్రకు పాత తువ్వాల కట్టి, దాని కిందే కూర్చుని కూరగాయలు తరుక్కునేది. ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఆ కరోనా జాగ్రత్తలన్నీ మొదటి నుంచి చివరి దాకా వినాల్సి వచ్చేది. అప్పటికి గాలి దిక్కు మారిపోయినా ఆమె పట్టించుకునేది కాదు.

ఎనిమిది రోజులు బాగానే నడిచింది. తొమ్మిదో రోజు ఇన్సూరెన్స్ అమ్ముకునే ఆడమనిషి ఎవరో రాజలింగానికి పట్టు విడవకుండా ఐదుసార్లు ఫోన్ చేసింది. అతను పేరు చూడలేదు. చేతులు బొగ్గుతో ఉన్నాయి, జేబులో ఫోన్ ఎన్నిసార్లు అదిరిందో లెక్కపెట్టుకున్నాడు. ఇంటి మీదికి పెద్ద గాలే వస్తున్నదనుకుని పది పారలు తగ్గించాడు. ఆవిరి పడిపోయింది. మెరూన్ రంగు రావలసిన గుడ్డంతా ఒకచోట ఇటుక రంగు, ఒకచోట చామంతి రంగు, ఒకచోట ఏ రంగూ లేకుండా బయటికి వచ్చింది. రంగుల మాస్టర్ లింగమూర్తి ఆ గుడ్డను భుజాన వేసుకుని నేరుగా మిల్లు యజమాని సేఠ్ గదికి వెళ్లాడు. కాసేపటికి రాజలింగాన్ని పిలిచారు.

సేఠ్ ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని ఉన్నాడు. రాజలింగం అబద్ధం చెప్పాలనే వచ్చాడు గానీ తెర ముందు నిలబడగానే అన్నీ చెప్పేశాడు. ప్యానెళ్లు, తువ్వాల, మిస్డ్ కాల్, ఇన్సూరెన్స్ ఆమె. చివరికి ఎవరూ అడగని ముచ్చట కూడా చెప్పాడు. పొగలో మసిని పట్టే ఫిల్టర్ సంచులు చినిగి పదకొండు నెలలైందని, తాను లింగమూర్తికి ఒకసారి చెప్పాడని, చూద్దామని ఆయన అన్నాడని, తర్వాత ఇద్దరూ మరిచిపోయారని. లింగమూర్తి భుజం మీది గుడ్డ సర్దుకున్నాడు.

సేఠ్ తన ఫోన్ తీసి తెర కింది నుంచి జరిపాడు. అందులో అదే యాప్ ఉంది. వేసు అనే పేటలోని తన బంగళా మీద ఆయన కూడా సోలార్ పెట్టించాడు. దీపావళి నుంచి సగం కరెంటు కూడా రావడం లేదట. నాసిరకం సరుకు అంటగట్టారని కంపెనీ వాళ్లకు వకీలు నోటీసు కూడా పంపాడట.

"నా బంగళా మీ ఇంటికి ఏ వైపు?" అని హిందీలో అడిగాడు సేఠ్.

"పడమర, సేఠ్. పొగ మా ఇల్లు దాటినంక మీ ఇల్లే," అన్నాడు రాజలింగం, తనకు వచ్చిన హిందీలో.

పదకొండు నెలలు కాని పని నాలుగు రోజుల్లో అయింది. కొత్త సంచులు వచ్చాయి. పొగ పలచబడింది. పాడైన గుడ్డకు శిక్షగా రాజలింగానికి వారం పాటు బూడిద ఎత్తే పని వేశారు. అతను సంతోషంగా ఎత్తాడు. యాప్‌లో పదకొండు యూనిట్లు చూసిన రోజు ఇంటికి పరుగెత్తుకొచ్చి, సేఠ్‌కు తాను ఎట్లా కళ్లు తెరిపించాడో ప్రమీలకు కొంచెం పెంచే చెప్పాడు.

ప్రమీల అంతా విన్నది.

"ఇరవై ఏండ్ల సంది దండెం మీద నా చీరలు నల్లగైతున్నయ్. ఉతికిందే మళ్ల ఉతుకుతున్న. గప్పుడు యాదికి రాలేదా నీకు ఫిల్టర్?"

రాజలింగం తల గోక్కున్నాడు.

"చీరలు యాప్‌ల కనవడయి గద," అన్నాడు.

ప్రమీల రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం మాట్లాడాయి. ఆదివారం పొద్దున రాజలింగం ఎవరూ చెప్పకుండానే ఆమె చీరలన్నీ నానబెట్టి, ఉతికి, బకెట్ మోసుకుని డాబా ఎక్కాడు. పిండడం చేతకాక పైనుంచి కింది దాకా తడిసిపోయాడు. దండెం ప్యానెళ్లకు తూర్పున ఉంది. తొమ్మిది చీరలు ఆరేసేసరికి వాటి నీడ తిన్నగా ప్యానెళ్ల మీద పడింది. రాజలింగం అది చూశాడు. జేబులోని ఫోన్ మీద చెయ్యి వేశాడు, మళ్లీ తీసేశాడు.

ప్రమీల రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. ప్యానెళ్ల మీద నీడ పడుతున్నదని చెప్పింది.

"పడనీ," అన్నాడు రాజలింగం, చాయ్ అందుకుని.