బాబాయి ముక్కు

షెడ్డు తలుపు తీయగానే అమ్మడి కళ్లు భగ్గుమన్నాయి. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వేసేసరికి గొంతు గీరుకుపోయి దగ్గు తన్నుకొచ్చింది. లోపల ఆరు వేల బ్రాయిలర్ కోళ్లు. వాటికి ఇరవై ఒకటో రోజు. ఆ వయసులో తలుపు చప్పుడైతే చాలు, దాణా పళ్లేల దగ్గరికి ఎగబడాలి. ఆ ఉదయం సగానికి సగం కూర్చున్నచోటు నుంచి లేవలేదు. కళ్లు అరమూసుకుని, తలను రెక్కకేసి రుద్దుకుంటున్నాయి.

నాలుగు రోజులుగా చలిగాలి వీస్తోంది. షెడ్డుకు రెండు వైపులా ఉన్న పరదాలను, ఫారం నడిపే బాబాయి పైకప్పు దాకా లాగి తాళ్లు బిగించేశాడు. గాలి దూరే సందు లేదు. కింద పరిచిన ఊకలో రెట్ట నాని, ఆ ఘాటంతా లోపలే తిరుగుతోంది. అమ్మడు ఒక కోడిని ఎత్తి చూసింది. పొట్ట కింది ఈకలు తడిసి అట్ట కట్టాయి. అరికాళ్ల మీద గోధుమరంగు మచ్చలు.

బయట దాణా బస్తాలు దించుకుంటున్న బాబాయి దగ్గరికి వెళ్లి, ఘాటు ఎక్కువైంది, పరదాలు కాస్త దించుదామని చెప్పింది. ఆయన లోపలికొచ్చి, మధ్యలో నిలబడి, తల పైకెత్తి గట్టిగా గాలి పీల్చాడు. ఆ పీల్చడం చూస్తే ఎవరికైనా గౌరవం పుడుతుంది. ఏ గొట్టం కింద నీళ్లు కారి ఊక తడిసిందో, ఏ బస్తాలో దాణా ముక్కిందో తలుపు దగ్గర నిలబడి చెప్పేసేవాడు. చుట్టుపక్కల కోళ్ల ఫారాల వాళ్లు కబురు పెట్టి మరీ పిలిపించుకునేవాళ్లు. పదేళ్ల కిందట అమ్మడిని పనిలో పెట్టుకుని అక్షరాలు దిద్దించినట్టు ఈ పని నేర్పింది ఆయనే.

"ఏం లేదే," అన్నాడు. "ఎప్పుడూ ఉండేదే. నువ్వు పొట్టిదానివి, నీ ముక్కు ఊకకి దగ్గరగా ఉంటుంది, అందుకే నీకు ఎక్కువ తెలుస్తుంది."

నవ్వి, మళ్లీ బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు.

అమ్మడికి నవ్వు రాలేదు. కానీ చెప్పింది బాబాయి. జలుబు చేసి తనకే అలా అనిపిస్తోందేమోనని ఆ రోజంతా తన్ను తానే అనుమానించుకుంది. మరునాడు తలుపు తీసేసరికి అనుమానం వదిలిపోయింది. ఆయన రాకముందే ఒక పక్క పరదాను జానెడు దించింది. గంట తిరక్కుండానే అది మళ్లీ పైకెక్కింది. మధ్యాహ్నం దించింది, సాయంత్రానికి మళ్లీ బిగిసింది. మూడోసారి తాడుకు రెండు ముళ్లు ఎక్కువ పడ్డాయి.

ఆయన భయం ఆయనకుంది. రెండేళ్ల కిందట ఇలాంటి చలిలోనే పరదా జారిపోయి, నాలుగు వందల పిల్లలు వెచ్చదనం కోసం ఒకదాని మీద ఒకటి గుట్టపడి, అడుగునవి ఊపిరాడక చచ్చిపోయాయి. వాటిని ఏరి తట్టల్లో వేసింది ఆయనే. అది అమ్మడికీ గుర్తుంది. కానీ అవి నాలుగు రోజుల పిల్లలు, ఇవి ఈకలు నిండిన కోళ్లు. ఆ మాటే చెప్పింది. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి విసుగ్గా, ఒకసారి చచ్చిన కోడిని చేతిలో పట్టుకుని. ప్రతిసారీ ఆయన లోపలికొచ్చి గాలి పీల్చి, ఏం లేదన్నాడు. గోడతో మాట్లాడినట్టుంది. గోడైతే కనీసం తిరిగి పాఠం చెప్పదు.

ఆ మరునాటి పొద్దున దాణా గది తాళంచెవి కోసం షెడ్డు పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్లింది. వంటింట్లో పాలు పొంగి, మాడి, గిన్నె అడుగు నల్లబడుతోంది. పొగ ఇంకా పల్చగానే ఉంది కానీ మాడు కంపు గుమ్మం దాకా కొడుతోంది. పొయ్యికి మూరెడు దూరంలో బల్ల మీద కూర్చుని, వీపు అటు తిప్పి, బాబాయి తాపీగా పేపరు చదువుకుంటున్నాడు.

అమ్మడు పొయ్యి ఆర్పింది. ఆ చప్పుడుకు ఆయన తిరిగి చూశాడు. గిన్నె వైపు చూసి, "చదువులో పడ్డాను," అని పేపరు మడిచి బయటికి నడిచాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న పిన్ని లోపలికి రాగానే, బాబాయికి ముక్కు పనిచేయడం ఎప్పటి నుంచి మానేసిందని సూటిగా అడిగింది. పిన్ని మాడిన గిన్నెను నీళ్లలో పెట్టింది. వానల్లో వచ్చిన జ్వరం తర్వాత నుంచి అని చెప్పింది. ఏం పెట్టినా ఒకటే రుచిగా తింటున్నాడట. ఒకసారి తను అడిగితే కస్సుమన్నాడట. అంత పేరున్న మనిషి కదా, నలుగురికీ తెలిస్తే చిన్నబోతాడని ఊరుకుందట.

"మరి నాకైనా చెప్పాలి కదా పిన్నీ," అంది అమ్మడు.

"నీకు చెబితే నువ్వూరుకుంటావా?"

అమ్మడికి ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలలుగా ఒకరు దాచారు, ఒకరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. తను పిచ్చిదానిలా పరదా తాళ్లతో కుస్తీ పట్టింది. మధ్యలో నోరులేని ఆరు వేల ప్రాణాలు కళ్లు పోగొట్టుకుంటున్నాయి.

ఎవరికీ చెప్పకుండా పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన మధ్యాహ్నానికల్లా వచ్చాడు. షెడ్డులో పది నిమిషాలు కూడా ఉండలేకపోయాడు. కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, పరదాలు ఇప్పుడే రెండడుగులు దించమని, ఎండ తగ్గాక అడుగు మాత్రం ఉంచమని చెప్పాడు. గొట్టాల కింద గట్టిపడ్డ ఊకంతా ఎత్తేసి కొత్తది పరవాలన్నాడు. కొన్నిటికి కంటి మీద పొర పుండయిందని, వాటిలో అన్నిటికీ చూపు రాదని చెప్పాడు. తర్వాత అక్కడికొచ్చిన బాబాయి వైపు తిరిగి, "ఇంత ఘాటు మీకు తెలియలేదంటే నమ్మలేకపోతున్నాను," అన్నాడు.

"తెలియకేం. గాలి జోరు తగ్గాక దించుదామని ఆగాను," అన్నాడు బాబాయి. మాట తడబడలేదు.

డాక్టరు తలూపి మందు రాసిచ్చి వెళ్లిపోయాడు. అమ్మడు పరదా తాళ్లు విప్పింది. చల్లగాలి లోపలికొచ్చింది. కోళ్లు ఒక్కసారి కదిలాయి, కానీ గుట్టపడలేదు. బాబాయి వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"బాబాయ్, నీకు వాసన తెలియట్లేదు," అంది అమ్మడు. గొంతు పెంచలేదు. "నాకు తెలుసు, పిన్నికీ తెలుసు. ఇవి చెప్పలేవు కాబట్టి నేను చెబుతున్నాను."

ఆయన ఊకను కాలితో అటూ ఇటూ తోశాడు.

"ముక్కు పోయిందని చెప్పుకుంటే ఇక నన్నెవరు పిలుస్తారే?"

"పిలవకపోతే పోయె. నన్నడిగితే నీ సొమ్మేం పోయింది? మూడు రోజులు మొత్తుకున్నాను. ఒక్కసారి, ఒక్కసారి నా మాట నమ్మి ఉంటే?"

ఆయన బయటికెళ్లిపోయాడు. రెండు రోజులు షెడ్డు వైపు రాలేదు. అమ్మడూ పిన్నీ కలిసి తడి ఊకను ఎత్తి తట్టలతో మోశారు. నడుములు విరిగాయి. చూపు పోయిన కోళ్లను పట్టి ఒక మూల తడిక కట్టి వేరు చేశారు. నూట ముప్పయి తేలాయి. దాణా పళ్లెం ఎక్కడుందో తెలియక నేలను పొడుస్తున్నాయి. వాటి ముక్కులను ఒక్కొక్కటిగా నీళ్లకు తాకించి చూపించాల్సి వచ్చింది. అయినా రెండు రోజుల్లో నలభై దాకా చనిపోయాయి. మిగతా షెడ్డులో మాత్రం కోళ్లు కళ్లు తెరిచి తిరగడం మొదలుపెట్టాయి. అది చూసి సంతోషించాలి. అమ్మడికి కోపమే వస్తోంది. ఒక తాడు విప్పితే పోయేదానికి ఇంత కావాల్సి వచ్చింది.

మూడో రోజు ఉదయం బాబాయి వచ్చాడు. గాలి పీల్చలేదు. ఊకలో గొంతుక్కూర్చుని, ఒక కోడిని ఒళ్లోకి తీసుకుని, రెప్ప పైకెత్తి కన్ను చూశాడు. అరికాలు తిప్పి చూశాడు. అలా పదీ పదిహేనింటిని చూసి లేచాడు.

"ఎలా ఉంది?" అని అడిగాడు, ఆమె ముఖం చూడకుండా.

అమ్మడికి అర్థమైంది. అయినా వదిలిపెట్టాలనిపించలేదు.

"ఏది ఎలా ఉంది?"

ఆయన దవడ బిగుసుకుంది. "వాసన," అన్నాడు.

"తగ్గింది. ఆ చివర ఇంకా కొంచెం ఉంది."

ఆయన తట్ట తీసుకుని ఆ చివరికి నడిచాడు. తప్పయిందని అనలేదు. అంటాడని ఆమె ఎదురుచూస్తూ కాసేపు నిలబడింది. తడిక వెనక ఒక కోడి నీళ్ల పళ్లెం దొరక్క మెడ చాచి వెతుక్కుంటోంది. వెళ్లి దాన్ని ఎత్తుకుంది.