సిడ్సెల్ తోలెయ్యని పీట

నవంబరు ఒకటో తారీఖు పనివాళ్లు ఇళ్లు మారే రోజని ఆవులకేం తెలుసు? వాటికి తెల్లారితే పాలు పితికేవాళ్లు కావాలి, అంతే. అందుకని సిడ్సెల్ ఆ రోజు కూడా నాలుగింటికే లేచి, చెక్కబూట్లు తొడుక్కుని, యజమాని లౌస్ట్ కొట్టంలో పద్నాలుగు ఆవులనూ పితికింది. వదిలి వెళ్లిపోయే కొట్టమే అయినా పొదుగులో ఒక్క చుక్క మిగల్చలేదు. మిగిలితే బాధ ఆవుకు గానీ లౌస్ట్‌కు కాదు. పని అయ్యాక, కూర్చుని పితికే ముక్కాలి పీట కడిగి గోడవార బోర్లించింది. పీట తనంతట తనే లేచి నిలబడి, ఆమె వెనకాలే వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

పీటలు కొందరి వెంట వెళ్తాయి. అది ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. ఎవరి వెంట వెళ్లాలన్నది వాటి ఇష్టం. ఇల్లు మారేటప్పుడు పీట వెంటపడితే, పొలిమేర రాయి దగ్గర ఆగి దాన్ని వెనక్కి తోలెయ్యడం పద్ధతి. తోలకపోతే దొంగతనం కింద లెక్క. పద్నాలుగో ఏట పనిలో చేరిన సిడ్సెల్ ఇప్పటికి అయిదిళ్లు మారింది, అయిదు పీటల్ని వెనక్కి తోలింది. మొదటిదాన్ని తోలినప్పుడు మాత్రం ఏడ్చింది. అది ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయకు అవతలి గట్టున చిన్న ఇంట్లోది. ఆమె పడవెక్కి, పడవ సగం దూరం వెళ్లినా కూడా అది రేవులోంచి కదల్లేదు.

వంటింట్లో లౌస్ట్ బల్ల మీద ఆమె నడవడి పుస్తకం పెట్టాడు.

"ఇదిగో. వచ్చిన తేదీ, పోతున్న తేదీ రాశాను."

సిడ్సెల్ తెరిచి చూసింది. రెండు తేదీలున్నాయి. వాటి కింద ఏమీ లేదు.

పొలాల్లో, కొట్టాల్లో పనిచేసే ప్రతి మనిషికీ ఆ పుస్తకం ఉండి తీరాలి. వెళ్లేటప్పుడు యజమాని అందులో రాస్తాడు, తర్వాతి యజమాని చదువుతాడు. మంచివాళ్లకు రాసే మాటలు రెండే, 'నమ్మకం గల మనిషి, కష్టపడే మనిషి'. ఆ రెండూ లేకుండా ఖాళీ వదిలేశారంటే తిట్టిన దానికన్నా హీనం. తిట్టయితే ఒక్కటే ఉంటుంది, ఖాళీలో చదివేవాడు తనకు తోచిందల్లా ఊహించుకుంటాడు. పేజీ చింపినా, గీత గీసినా చట్టం ఊరుకోదు.

"నాలుగేళ్లు చేశాను అయ్యగారూ. ఒక్క మాటకి కూడా నోచుకోలేదా?"

"నాకు మాట కావాల్సి వచ్చినప్పుడు నువ్విచ్చావా?" అని లౌస్ట్ చుట్ట వెలిగించుకున్నాడు.

సంగతి ఇద్దరికీ తెలిసిందే. సెప్టెంబరులో సహకార డెయిరీవాళ్లు లౌస్ట్ పాలు పరీక్ష చేస్తే వెన్న తగ్గింది, నీళ్లు తేలాయి. బిందెలు కడిగిన నీళ్లు పొరపాటున పాలల్లో పోశానని చెప్పమని లౌస్ట్ ఆమెను అడిగాడు. డెయిరీ మనిషి వచ్చి కొట్టంలో నిలబడి అడిగితే సిడ్సెల్, "పితికింది నేను. నీళ్లు కలిపింది నేను కాదు" అంది. అంతకుమించి ఒక్క ముక్క కూడా అనలేదు. ఆ ఒక్క జవాబుకే నాలుగేళ్ల చాకిరీ ఖాళీ అయిపోయింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ కొత్తింటి బండి వాకిట్లోకి వచ్చేసింది.

బండి తోలుకొచ్చినవాడు క్రెస్టెన్. బోడిల్ అనే విధవరాలి దగ్గర ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న ముసలాయన. ఆవుల కొట్టమంతా చూసుకునే పెద్ద పనికి బోడిల్ నెల కిందటే సిడ్సెల్‌ను మాట్లాడి పెట్టుకుంది. ఒకటే షరతు, పుస్తకం బాగుండాలి.

క్రెస్టెన్ ఆమె పెట్టె బండిలోకి ఎత్తి, గుర్రాన్ని అదిలించాడు. పొలిమేర రాయి దాకా వచ్చాక వెనక్కి తిరిగి చూశాడు. బండి వెనక బురదలో పీట టకటకా వస్తోంది.

"అమ్మాయ్, రాయి వచ్చింది. తోలెయ్."

సిడ్సెల్ పీటను చూసింది. ఒళ్లో ఉన్న పుస్తకాన్ని చూసింది.

"తోలను బాబాయ్."

"తోలవా?"

"ఇప్పటిదాకా అన్నిటినీ తోలాను. ఏం ఒరిగింది? ఆయన రాయనన్నాడు, ఇది వస్తానంటోంది. రానీ."

"దొంగతనం అంటాడే పిల్లా."

"అననీ. నేను దాన్ని మొయ్యలేదు, పిలవలేదు. కాళ్లు దానివి."

క్రెస్టెన్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మూడున్నాయి కూడానూ" అని గుర్రాన్ని నడిపించాడు.

బోడిల్ వంటింట్లో కాఫీ కాస్తోంది. మనిషి చెడ్డది కాదు, కాకపోతే జాగ్రత్త పాలు ఎక్కువ. సిడ్సెల్‌కు రై రొట్టె, వెన్న పెట్టి, కళ్లజోడు తగిలించుకుని పుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. అయిదిళ్లవాళ్లూ ఆ రెండు మాటలూ రాశారు. చదువుతున్నకొద్దీ ముఖం విప్పారింది. ఆరో పేజీకి వచ్చేసరికి ముడుచుకుపోయింది.

"ఇదేంటి?"

సిడ్సెల్ పాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. బోడిల్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కానీ ముందు రాసిన అయిదుగుర్నీ నేను ఎరగను. లౌస్ట్‌ని ఎరుగుదును. చర్చిలో నా ముందు బల్ల మీదే కూర్చుంటాడు. రైతు మాట రైతే నమ్మకపోతే ఇంక లోకం ఎట్లా నడుస్తుంది? కాఫీ తాగు. తాగాక క్రెస్టెన్ నిన్ను ఎక్కడికంటే అక్కడ దింపుతాడు."

ఎక్కడికంటే అక్కడికి! ఆ రోజు సాయంత్రానికల్లా అన్ని ఇళ్లలోనూ పనులు నిండిపోతాయి. ఇంక మే దాకా ఎవరూ పెట్టుకోరు. పని లేని పనిమనిషి రోడ్డు మీద కనిపిస్తే దిమ్మరి కింద జమకట్టి పట్టుకెళ్తారు. సిడ్సెల్ కాఫీ ముట్టుకోలేదు. లేచి వాకిట్లోకి వెళ్లి, తన వెంట వచ్చిన పీట మీద రాయిలా కూర్చుంది.

బోడిల్ గుమ్మంలోకి వచ్చింది. "ఏమిటిది? లే."

"లేవను అమ్మగారూ. ఒక్కటడుగుతాను, చెప్పండి. కిందటేడాది లౌస్ట్ గారి దగ్గర్నుంచి జెప్పె అనేవాణ్ణి పెట్టుకున్నారు గదా. వాడి పుస్తకంలో ఏం రాసుంది?"

బోడిల్ పెదవులు బిగించింది. వాకిట్లో గుర్రాన్ని విప్పుతున్న క్రెస్టెన్ జవాబు చెప్పాడు. "బంగారమని రాసుంది. నమ్మకం, కష్టం, పైగా దైవభక్తి కూడా."

"వాడేం చేశాడు?"

"తాగేవాడు. ఎండుగడ్డి తీసే పంగలకర్రతో ఎర్రావు పొదుగు పొడిచాడు. మంచి ఆవు. దక్కలేదు."

"వాడు కొట్టంలోకి అడుగుపెట్టిన రోజు ఈ ఇంటి పీటలేం చేశాయి బాబాయ్?"

"ఏడుకి ఏడూ నిచ్చెనెక్కి అటక మీదికి పోయాయి. వాణ్ణి తరిమేసేదాకా దిగలేదు. ఆర్నెల్లు ఆడపిల్లలు బకెట్లు బోర్లించుకుని పితికారు."

"మీరూ చూశారు గదా అమ్మగారూ" అంది సిడ్సెల్. "చూసి కూడా పుస్తకాన్నే నమ్మారు. వాణ్ణి వదిలించుకోవడానికి లౌస్ట్ గారు బంగారమని రాశారు. నేను అబద్ధం చెప్పనన్నందుకు ఖాళీ వదిలారు. రాసిన చెయ్యి ఒకటే. మమ్మల్ని చదువుకోడానికి మీకు పుస్తకం ఉంది. మరి మిమ్మల్ని చదువుకోడానికి మాకేముంది? ఏ ఇంట్లో ఎలాంటివాళ్లున్నారో మాకెవడు రాసిస్తాడు?"

బోడిల్ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఏ పనిమనిషీ ఆమెతో అలా మాట్లాడలేదు. ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది. ఇంతలో గేటు తోసుకుని ఇంకో పీట లోపలికి వచ్చింది. దానికి నీలం రంగు. సిడ్సెల్ గుర్తుపట్టింది, అది ఆమె నాలుగో ఇంటిది. అది వచ్చి ఆమె పక్కన నిలబడింది. మధ్యాహ్నానికి ఆమె పాత ఇళ్లవే మరో మూడు వచ్చాయి. ఒకదాన్ని తోలనన్న సంగతి వాటికి ఎలా చేరిందో ఎవరూ ఆరా తియ్యలేదు. బోడిల్ ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పుస్తకం తీసి ఒక పేజీ మళ్లీ చదివింది.

మూడింటికి లౌస్ట్ బండి వచ్చింది. మనిషి దిగకుండానే అరుపులు మొదలుపెట్టాడు.

"దొంగముండా! నా పీటేదే? సాయంత్రం పితకడానికి పిల్లలు నిలబడి ఉన్నారు!"

సిడ్సెల్ లేచి పక్కకు జరిగింది. "అదిగో అయ్యగారూ. తీసుకెళ్లండి."

లౌస్ట్ పీటను చంకన పెట్టుకుని బండిలో పడేశాడు. పీట బండి దిగి మళ్లీ వచ్చి ఆమె పక్కన నిలబడింది. మళ్లీ పడేశాడు, మళ్లీ దిగింది. మూడోసారి క్రెస్టెన్ నవ్వు ఆపుకోలేక గుర్రం మెడ చాటుకు తిరిగాడు.

"లౌస్ట్" అంది బోడిల్. గొంతు పెద్దది చెయ్యలేదు. "జెప్పె గురించి నువ్వు రాసింది నిజమా?"

లౌస్ట్ నీళ్లు నమిలాడు. "అవన్నీ... ఎవరైనా రాసేవే గదా బోడిల్. మన మధ్య అది మామూలే."

"నా ఎర్రావు చచ్చిపోయింది."

లౌస్ట్ చెమట తుడుచుకున్నాడు. వచ్చే ఆదివారం చర్చిలో తన వెనక బల్ల మీద ఎవరు కూర్చుంటారో, అందరికీ ఏం చెబుతుందో అతనికి తట్టినట్టుంది. జేబులోంచి పెన్సిల్ తీశాడు.

"సరే, ఇటివ్వు పుస్తకం. ఆ రెండు మాటలూ రాసేస్తాను. గొడవ వదిలిపోతుంది."

పొద్దున సిడ్సెల్ కోరుకున్నది ఆ రెండు మాటలే. ఇప్పుడు అవి ఆమె కళ్లకు ఆనలేదు. బోడిల్ చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేసింది.

"వద్దండి. అది ఖాళీగానే ఉండనీండి. ఎందుకు ఖాళీ అని అడిగినవాళ్లందరికీ చెబుతాను. మీరు రాస్తే ఇంక చెప్పడానికి నాకేం మిగులుతుంది?"

లౌస్ట్ పెన్సిల్ జేబులో పెట్టుకుని, ఉత్త బండి తోలుకుని వెళ్లిపోయాడు.

బోడిల్ వాకిట్లో వరసగా నిలబడ్డ పీటల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆఖరికి, "పద్దెనిమిది ఆవులున్నాయి. చూస్తూ నిలబడితే పితికినట్టా?" అని లోపలికి వెళ్లిపోయింది. క్రెస్టెన్ సిడ్సెల్ పెట్టె భుజానికెత్తుకున్నాడు.

కొట్టంలో లాంతరు వెలిగించే వేళకు ఆరో పీట వచ్చింది. ఫ్యోర్డ్ అవతలిది, మొదటిది. పడవవాడు టికెట్ అడగలేదట. పదిహేడేళ్లుగా రేవుకీ ఇంటికీ రోజూ తిరిగి తిరిగి దాని కాలొకటి రెండు వేళ్ల మందం అరిగిపోయింది. సిడ్సెల్ దాన్ని ఒళ్లోకి తీసుకుని బురద తుడిచింది, దాన్ని తోలిన నాటి ఏడుపు మళ్లీ వచ్చింది. తర్వాత మొదటి ఆవు పక్కన వేసుకుని కూర్చుంది. మూడు కాళ్ల పీట ఊగదు గానీ పక్కకు ఒరుగుతుంది. ఆమె నడుముకున్న సంచిలోంచి నడవడి పుస్తకం తీసి అరిగిన కాలి కింద పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

ఆమె వచ్చిన తేదీ రాద్దామని బోడిల్ సిరాబుడ్డి, కలం పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. పుస్తకం ఎక్కడుందో చూసింది. దాన్ని చింపకూడదని చట్టంలో ఉంది, గీతలు గియ్యకూడదని ఉంది. పీట కింద పెట్టకూడదని ఎక్కడా లేదు.

"తియ్యమంటారా అమ్మగారూ?" అంది సిడ్సెల్, చేతులు ఆపకుండానే.

"పితకడం కానీ. తర్వాత చూద్దాం."

పన్నెండేళ్ల తర్వాత దేశమంతటా ఆ పుస్తకాల చట్టం ఎత్తేశారని క్రెస్టెన్ పేపర్లో చదివి వినిపించాడు. అప్పుడు కూడా బోడిల్ ఇంకా తేదీ రాయలేదు, సిడ్సెల్ ఇంకా పితుకుతూనే ఉంది.