ఊచలు లేచిన ఇళ్ళు

చూడకూడదనుకుంటూనే పొద్దున్నుంచి ఆ ఫోటోని చూస్తోంది కనకదుర్గ. కొండ సగానికి సగం జారి కిందికి వచ్చేసింది. ఎక్కడ చూసినా ఎర్రటి బురద. అందులోంచి అక్కడక్కడ సిమెంటు స్తంభాలు, వాటి నెత్తిన ఇనప ఊచలు. మనుషులు చేతులతో, గిన్నెలతో, విరిగిన తలుపు చెక్కలతో తవ్వుకుంటున్నారు. యంత్రమన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్న యంత్రాలన్నీ కొండ కింద కొత్త కాలనీలో పనిచేస్తున్నాయి. ఎందుకంటే జనం ఉన్నది అక్కడేనని మ్యాప్ చెప్పింది. ఆ మ్యాప్ గీసింది ఇక్కడ న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో, ఇదిగో ఈ కుర్చీలో కూర్చున్న కనకదుర్గే.

“మొహం కడుక్కుని రామ్మా దుర్గా. ఇలెవెన్‌కి కాల్ ఉంది,” అన్నారు కేశవరావు గారు తలుపు దగ్గర నిలబడి. గొంతులో కోపం లేదు. కోప్పడితేనే బాగుండుననిపించింది ఆమెకి.

కేశవరావు గారిది తెనాలి. జాగ్రఫీ ప్రొఫెసర్‌గా ఈ దేశం వచ్చి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఈ చిన్న కన్సల్టెన్సీ పెట్టారు. ఏ నగరం ఎటు పెరుగుతోంది, ఎక్కడ వరద ముంచుతుంది, ఎక్కడ కొండ జారుతుంది, జనం పది కాలాలపాటు చల్లగా బతకాలంటే ఏ గోడ ఎక్కడ కట్టాలి, ఇదీ వాళ్ళ పని. మంచి పనే, ఎవరు కాదంటారు? పెరూ దేశంలో, యాండీస్ కొండల నడుమ సాన్ ఇలారియో అనే ఊరు పెరుగుతున్న తీరుని పరిశోధించే కాంట్రాక్టు వచ్చినప్పుడు ఆఫీసంతా లడ్డూలు పంచుకున్నారు.

ఊరు చూస్తే పెద్దది, ఇచ్చిన నిధులు చూస్తే అంతంతమాత్రం. ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టే స్తోమత లేదు. అందుకని ఆకాశం నుంచి తీసిన ఫోటోలు పెట్టుకుని అంచనా వేశారు. కప్పు పూర్తిగా ఉంటే అది ఇల్లు, అందులో ఓ కుటుంబం. కప్పు మీద ఊచలు లేచి కనిపిస్తే అది కడుతున్న ఇల్లు, అందులో సున్నా. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకి ఈ సూత్రం ఎంత ముచ్చటగా కనిపించిందో! ఈ దేశంలో సగం కట్టిన ఇంట్లో ఎవరు మాత్రం కాపురం ఉంటారు?

కనకదుర్గ పుట్టింది విజయవాడలో, చిట్టినగర్ కొండ మీద. తండ్రి ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటర్. కొండరాయి తొలిచి రెండు గదులు వేసుకుని, ఎప్పటికైనా మేడ లేపకపోతానా అని పైన ఊచలు వదిలాడు. ఆయన పోయాడు గానీ ఆ మేడ లేవలేదు. ఆ ఊచలకి తాళ్ళు కట్టి బట్టలారేసుకుంటూ, వాటి కిందే వండుకుని, చదువుకుని, పెళ్ళిచూపులకి కూర్చుంది కనకదుర్గ. అలాంటి మనిషికి ఊచలున్న ఇల్లు ఖాళీ ఇల్లని చెబితే నవ్వు రాదూ?

నవ్వు వచ్చింది, నవ్వుకుంటూనే ఆ సూత్రం ప్రకారం మ్యాప్ గీసింది, ఆ కొండని కళ్ళారా చూసేదాకా. మ్యాప్ సరిగ్గా ఉందో లేదో చూసి రమ్మని ఆమెనే పంపారు. లాస్ పిర్కాస్ అని ఆ కొండ మీది పేటకి పేరు. నాలుగు మెట్లు ఎక్కిందో లేదో ఆగిపోయింది. ఓరి దేవుడా, ఇది చిట్టినగరే! అవే ఇరుకు మెట్లు, అవే నీళ్ళ బిందెల మోతలు, అవే ఊచలు, వాటి మీద ఆరేసిన అవే చంటిపిల్లల బట్టలు. ఎవులాలియా అనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళింది. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, ఓ ముక్క జున్ను పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ కప్పు వైపు వేలు చూపించి, పక్కనున్న కూతురి బుగ్గ పుణికి నవ్వింది. పై అంతస్తు దీనికి అని. అది అర్థం కావడానికి స్పానిష్ రావాలా ఏమిటి?

తిరిగి రాగానే చెప్పింది. “సార్, ఆ ఇళ్ళల్లో జనం ఉన్నారండీ. కిక్కిరిసి ఉన్నారు.”

“నాకు తెలీదా అమ్మా? మా తెనాల్లో మాత్రం లేవూ అలాంటివి?” అన్నారాయన. “కానీ ఇప్పుడు మొత్తం మళ్ళీ చేయాలంటే డెడ్‌లైన్ మిస్ అవుతాం. నెక్స్ట్ ఫేజ్‌లో కరెక్ట్ చేద్దాంలే.”

ఆమె వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు అప్పుడు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఆయన వాటి ఊసెత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. కనకదుర్గ మరి మాట్లాడలేదు. మ్యాప్ చూసుకుని ఆ ఊరివాళ్ళు అడ్డుగోడ కొండకి కట్టకుండా కింది కాలనీకి కట్టుకున్నారు. నెక్స్ట్ ఫేజ్ రానేలేదు, ఈలోగా వానలు వచ్చాయి.

మొన్న కొండ జారింది. ఫోటోలో ఏ ఊచల కింద ఎవులాలియా ఇల్లుందో ఎంత చూసినా పోల్చుకోలేకపోతోంది. మొహం కడుక్కుని కేశవరావు గారి గదిలోకి వెళ్ళింది.

“చూడమ్మా, మునిసిపాలిటీ వాళ్ళడిగేది ఒకటే,” అన్నారాయన. “కొండ మీద ఇళ్ళు ఖాళీవని మన మ్యాప్‌లో ఉంది. అక్కడి జనమేమో మావాళ్ళున్నారు, మావాళ్ళున్నారని ఒకటే గోల. కాంపెన్సేషన్ కోసం నాటకాలాడుతున్నారని మేయర్ మనుషులంటున్నారు. ఫీల్డ్‌కి వెళ్ళింది నువ్వు. వెరిఫై చేశాను, ఖాళీవేనని నువ్వో మాట చెబితే వాళ్ళు క్లోజ్ చేసుకుంటారు.”

“క్లోజ్ చేసుకోవడమంటే ఏంటండీ?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. “అంటే, సున్నం చల్లి చదును చేసేస్తారు. రోగాలవీ రాకుండా.”

“కింద మనుషులుంటే సార్?”

“ఇంకా ఎవరు మిగిలుంటారమ్మా?”

“శవాలుంటాయి కదండీ. కన్నవాళ్ళు తవ్వుకుంటున్నారు కదండీ, చేతుల్తో!”

ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. “నువ్వు కాదన్నావనుకో, మ్యాప్ తప్పని మనమే ఒప్పుకున్నట్టు. లాసూట్ వేస్తారు. ఈ కంపెనీ తట్టుకోలేదు. ఇక్కడ అందరూ హెచ్ వన్ మీదే ఉన్నారు. పద్మజకి నెలలు నిండుతున్నాయి. రాధాకృష్ణ నిన్నగాక మొన్న ఇల్లు కొన్నాడు. అందర్నీ రోడ్డు మీద పడేస్తావా? పోయినవాళ్ళెలాగూ పోయారు, ఉన్నవాళ్ళ సంగతి చూడు తల్లీ.”

అన్యాయం చేసేవాళ్ళందరూ మీసాలు మెలేస్తూ రారు. ఇలా కళ్ళజోడు తుడుచుకుంటూ, నిండు చూలాలి గురించి బాధపడుతూ కూడా వస్తారు. ఆయన బాధ అబద్ధమేమీ కాదు, వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. రెండు మాటలు తిట్టి బయటికి రావడానికి వీల్లేకుండా పోయింది కనకదుర్గకి.

పార్కింగ్ లాట్‌లో మాసిపోయిన మంచు కుప్పల పక్కన కారులో కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. నరసింహ ఎత్తాడు. అతనిది నల్గొండ. ప్రాజెక్ట్ పోయాక ఆమె వీసా మీదకి మారి ఇంట్లో ఉంటున్నాడు. పాప నైనికకి జడలేయడం కూడా నేర్చుకున్నాడు పాపం.

“ఏమైంది దుర్గా? గొంతు గట్లున్నదేంది?”

జరిగిందంతా చెప్పింది.

“ఒక్క మాటనే కదా. అనేసి రారాదు,” అన్నాడు మెల్లగా.

“ఆ ఇంట్లో కూర్చుని తిన్నాను నరసింహా.”

“తిన్నవ్. నాకు తెల్వదా? వచ్చినకాడికెల్లి ఆమె ముచ్చటనే చెప్పినవ్ కదా. గని నీ జాబ్ పోతే మనం సామాన్లు సర్దుకునుడే. పిల్ల ఈడ పుట్టింది, దాని స్కూల్ ఈడ, దాని దోస్తులు ఈడ. దానికేం చెప్తవ్?”

“నువ్వైతే ఏం చేస్తావో చెప్పు.”

అవతల నుంచి టీవీలో కార్టూన్ చప్పుడు, పాప నవ్వు వినబడ్డాయి.

“నన్నడగకు దుర్గా,” అన్నాడు చివరికి. “నేనైతే అనేసి వస్త. గందుకే నన్నడగకు.”

స్టీరింగ్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది కనకదుర్గ. మొగుడి మీద కోపం రాలేదు. నిజం చెప్పినందుకు జాలేసింది. తనెవరో ఎరగని ఓ పరాయి మనిషి తనకి తిండి పెట్టి, కడుపు నిండిందా అన్నట్టు చూసిన చూపు ఎంత తోసేసినా వెనక్కి పోవడం లేదు. కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచింది.

కాన్ఫరెన్స్ రూమ్‌లో అందరూ చేరారు. పద్మజ పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడ వైపు చూస్తోంది. రాధాకృష్ణ పెన్ను నొక్కుతూ కూర్చున్నాడు. బల్ల మధ్యలో స్పీకర్ ఫోన్. అవతల సాన్ ఇలారియో మునిసిపాలిటీ ఇంజనీరు, మెందోసా అనే ఆవిడ. కొండ దగ్గరే నిలబడి మాట్లాడుతున్నట్టుంది. వెనకాల ఎవరో ఆడమనిషి ఒకే పేరు పట్టుకుని పదే పదే అరుస్తోంది.

కేశవరావు గారు సానుభూతి చెప్పారు. చక్కటి ఇంగ్లీషులో, నిండైన గొంతుతో చెప్పారు. మా ఫీల్డ్ అనలిస్ట్ ఇక్కడే ఉంది, మీకేం సందేహమున్నా ఆమెని అడగండి అన్నారు.

“మిస్ కనకదుర్గా,” అంది మెందోసా ఒక్కొక్క ఇంగ్లీషు మాటా కూడదీసుకుంటూ. ఏడ్చిన గొంతది, నిద్ర లేని గొంతు. “మీరు ఈ కొండ ఎక్కారు. ఊచలున్న ఇళ్ళు చూశారు. ఖాళీగా ఉన్నాయా? అవునంటే మధ్యాహ్నం నుంచి చదును చేయమంటున్నారు నన్ను.”

“చెప్పమ్మా,” అన్నారు కేశవరావు గారు తెలుగులో, బుజ్జగిస్తున్నట్టు.

కనకదుర్గ కుర్చీ ముందుకి జరుపుకుంది. పద్మజ వైపు చూడబోయి మానేసింది. చూస్తే మాట పెగలదని తెలుసు.

“నో,” అంది. “ఖాళీవి కావు. మ్యాప్ తప్పు. ఆ ఇళ్ళల్లో జనం ఉన్నారు, నేను చూశాను. చదును చేయకండి. మెషీన్లు పైకి పంపించండి, తవ్వించండి, ప్లీజ్.”

“దుర్గా!” కేశవరావు గారి చెయ్యి మ్యూట్ బటన్ మీదికి వెళ్ళింది. కనకదుర్గ ఫోన్‌ని రెండు చేతులతో తన వైపు లాక్కుంది. పద్మజ చిన్నగా ఏడవడం మొదలుపెట్టింది. రాధాకృష్ణ పెన్ను బల్ల మీద పడేసి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఫోన్‌లో మెందోసా ఎవరికో స్పానిష్‌లో గట్టిగా ఏదో చెప్పింది.

“ఎంతమంది?” అంది మెందోసా. “చెప్పండి. నేను ఎంతమంది కోసం వెతకాలి?”

కనకదుర్గ బల్ల చుట్టూ ఉన్న మొహాలన్నిట్నీ ఒకసారి చూసింది.

“తెలీదు,” అంది. “మేం లెక్కపెట్టలేదు.”