మైకు లేని రోజు

మా రేవులో పదకొండు బోట్లు. వాటి పనితనం కొలవడానికి ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎంత డీజిల్ తాగి, ఎంతమందితో, ఎన్ని గంటల్లో ఎన్ని గంపల చేప తెచ్చాయో చూసి వరస వేస్తుందట. నెలాఖరుకి అట్టడుగున ఉన్న బోటుకి పర్మిట్ తీసేస్తారట. మూడు వారాలు గడిచేసరికి అట్టడుగున ఉన్నది మా చిన్నవాడి బోటే!

చిన్నవాడంటే నా చిన్న కొడుకు, నలభై నాలుగేళ్ళవాడు. నీటి రంగు, పక్షుల వాలు చూసి చేప జాడ పట్టేస్తాడు. కానీ వాడి నోట్లో నువ్వుగింజ నానదు. జాడ దొరకగానే వైర్‌లెస్‌లో "వచ్చెయ్యండ్రా!" అని అరుస్తాడు. మిగతా పది బోట్లూ తిన్నగా వచ్చి వలలు నింపుకుపోతాయి. వెతకడానికి కాలిన డీజిల్ వీడిది, గంపలు వాళ్ళవి.

ఆ అమ్మాయికి చెప్పాను. "దానికి నా పట్టికలో గడి లేదు అమ్మమ్మా" అంది.

వరసలో మొదటున్న మీసాలాయన్ని అడిగాను. "ఉన్నమాట చెప్పు అల్లుడూ."

"చెబితే నా స్థానం పోదా అత్తా?"

"మీసం పెంచితే చాలదు నాయనా, దాని కింద నోరు కూడా ఉండాలి."

నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆఖరి కొలత రోజు పొద్దున్నే అన్నం క్యారేజీ ఇచ్చే మిషతో బోటెక్కి, వైర్‌లెస్ మైకు ఊడబీకి సంచిలో వేసుకున్నాను. ఈ ఒక్కరోజు నోరు మూసుకుంటాడులే అనుకున్నాను.

పదింటికి గాలి లేచింది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి: ఇంజను ఆగిపోతే వాడు ఎవర్ని పిలుస్తాడు? గడప నుంచి రేవుకి, రేవు నుంచి గడపకి కాలుకాలిన పిల్లిలా తిరిగాను. వైర్‌లెస్ గదిలో అందరి గొంతులూ వినిపించాయి, ఒక్కడిది తప్ప. "చిన్నోడా, ఎక్కడున్నావ్? పలకవేంరా?" అని మిగతా బోట్లవాళ్ళు పిలుస్తున్నారు.

మధ్యాహ్నానికి పది బోట్లూ దాదాపు ఖాళీగా తిరిగొచ్చాయి. నేను సంచిలోంచి మైకు తీసి అందరి ముందూ చూపించాను.

మీసాలాయన మొహం పాలిపోయింది. "ఎంత పని చేశావత్తా!" అంటూనే బోటు వెనక్కి తిప్పాడు.

కొలతలమ్మాయి అడ్డం వచ్చింది. "ఆగండి. ఒకేరోజు పది బోట్లూ ఖాళీగా ఎలా వచ్చాయి?"

"వాడు పిలవలేదు గనక! మాకు చేప చూపించేది వాడేనమ్మా. రాసుకో, నా స్థానం పోతే పోనీ!" అని అరుస్తూ వెళ్ళిపోయాడు.

గంట తర్వాత రెండు బోట్లూ కలిసి వచ్చాయి. మావాడిది చేపల బరువుకి అంచుదాకా మునిగి ఉంది.

ఆ అమ్మాయి పట్టిక కొట్టేసింది. పదకొండు బోట్లనూ ఒకటిగా కొలవాలని ఆఫీసుకి రాసి, ఒప్పించింది. పర్మిట్ నిలిచింది.

చిన్నవాడు మాత్రం మళ్ళీ వేటకి వెళ్ళే పొద్దున క్యారేజీ గట్టు మీదే అందుకున్నాడు.

"బోటెక్కకు" అన్నాడు. "ముందు ఆ సంచి చూపించు."