చివరి ఉప్పు

మూడో పళ్లెం కూడా తిరిగొచ్చింది. తామరతూడు కూర. ఒక్క ముద్ద తప్ప ఎవరూ ముట్టిన గుర్తు లేదు.

వంటగది గుమ్మంలో రెస్టారెంటు యజమాని నిలబడి ఉన్నాడు. ఎదురుగా వంట మాస్టరు, ఆయన పక్కనే మేనల్లుడు. తల దించుకున్నది మేనల్లుడు.

"ఈ వారంలో ఇది పదకొండోది," అన్నాడు యజమాని. "ఇక్కడివాళ్లు ఎరగని వంటలు పెడదామన్నావు. కొత్తగా ఉంటుందన్నావు. బాగానే ఉంది కొత్తదనం. ఇవాళ్టితో సరి. ఆ ఏప్రన్ విప్పి వెళ్లిపో."

మేనల్లుడు మామయ్య వైపు ఒక్కసారి చూశాడు. మాస్టరు పొయ్యి మీద గిన్నెకు సరిగ్గానే ఉన్న మూతను మళ్లీ సర్దుతున్నాడు.

తలుపు తెరిచే ఉండడంతో ఆ మాటలు నాలుగో టేబుల్ దాకా వినిపించాయి. అక్కడ మాస్టరు కూతురు, ఆమె పెద్దమ్మ మధ్యాహ్న భోజనానికి కూర్చున్నారు. డెబ్బై ఏళ్లు నిండిన రోజున ఎప్పుడూ తినని వంటలు తినాలని పెద్దమ్మే ముచ్చటపడింది.

"ఈ తామరతూడు జాడీకెత్తితే ఏడాది నిల్వుంటుందే," అంది పెద్దమ్మ, గ్లాసెడు నీళ్లు తాగి. "ఆ వెదురు చిగుళ్ల పులుసేమో జ్వరం పథ్యం. మీ బావ చేశాడా?"

"వండింది బావే. చివరి ఉప్పు మాత్రం నాన్నది."

ఆ వంటగదిలో అదొక కట్టుబాటు, యజమాని చెవిన పడనిది. ఎవరు వండినా సగం ఉప్పే వెయ్యాలి. దించేముందు మాస్టరు వచ్చి, ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని నాకి, కళ్లు మూసుకుని, మిగతా ఉప్పు తన చేత్తో చల్లుతాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ చెయ్యి తప్పలేదు.

"పప్పు అమృతంలా ఉంది. వంకాయ కూర కూడా. కొత్తవే ఇలా తగలడ్డాయి," అంది పెద్దమ్మ. "ఎవరో పగబట్టి చేసినట్టు."

కూతురి చెంచా ఆగిపోయింది. పగబట్టినవాడు ఒకదాంట్లో దోసెడు ఉప్పు పోసి, ఇంకోదాంట్లో చిటికెడే వేసి ఊరుకోడు. పాత వంటల లెక్క చేతికే తెలుసు. కొత్తవాటికి నాలుక కావాలి.

నాలుగు నెలల కిందట నాన్నకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక ఒక పొద్దున, చూసుకోకుండా పులిసిన పాలతో ఆమె కాఫీ కలిపి ఇచ్చింది. ఆయన చివరి చుక్క దాకా తాగి, "బాగుందమ్మా" అన్నాడు. కూతురు నొచ్చుకుంటుందని అలా అన్నాడనుకుంది.

ఆమె లేచి వంటగదిలోకి వెళ్లింది.

"నువ్వు కూర్చోమ్మా. ఇది పని గొడవ," అన్నాడు యజమాని.

"ఒక్క నిమిషం సార్."

కుళాయి దగ్గర చిన్న గిన్నెలో వేడినీళ్లు పట్టింది. చిటికెడు పసుపు కలిపింది. వెనక నుంచి బావ వచ్చాడు.

"వద్దు," అన్నాడు లోగొంతుతో.

"నీకు తెలుసా?"

"రెండు నెలలైంది. నాకెక్కడైనా పని దొరుకుతుంది. అత్తయ్య పోయాక ఆయనకు ఈ పొయ్యి తప్ప ఏముంది చెప్పు?"

"వంట చెడగొట్టి వచ్చినవాణ్ని ఏ వంటగదిలోకి రానిస్తారు బావా?"

అతను చెయ్యి అడ్డం పెట్టబోయి, దించేశాడు.

ఆమె గిన్నె తండ్రి ముందు పెట్టింది. "కొత్త చారు నాన్నా. ఉప్పు చూడు."

మాస్టరు ఒక చుక్క అరచేతిలో వేసుకున్నాడు. నాకాడు. కళ్లు మూసుకున్నాడు. కూరలు తరిగేవాళ్ల కత్తులు ఆగాయి.

"సరిపోయింది," అన్నాడు. "చింతపండు కూడా బాగా దిగింది. ఇంకేమీ వెయ్యక్కర్లేదు."

బావ గోడ వైపు తిరిగాడు.

యజమాని గిన్నె అందుకుని ఒక గుక్క తాగాడు. మాస్టరు ముఖంలోకి చూశాడు. ఇంకో గుక్క తాగాడు. "వేడినీళ్లు," అన్నాడు మెల్లగా.

మాస్టరు తన అరచేతిని చూసుకుంటూ ఉండిపోయాడు. పసుపు మరక చేతిరేఖల్లోకి ఇంకుతోంది.

"ఇన్నాళ్లూ ఆ కూరల్లో ఉప్పు వేసిందెవరు?" అడిగాడు యజమాని.

"నేనే సార్," అన్నాడు బావ, గోడ వైపు నుంచి తిరక్కుండానే. "నేనే వేశాను. మామయ్యకేం తెలీదు."

కూతురు తండ్రి కోసం ఆగింది. కాదురా అంటాడని ఆగింది. తనను భుజాన కూర్చోబెట్టుకుని వంటిళ్లన్నీ తిప్పిన మనిషి, అబద్ధం ఆడితే అన్నం అరగదని చెప్పిన మనిషి. కుక్కరు ఒక కూత వేసింది. రెండో కూత వేసింది. మేనల్లుడు ఏప్రన్ ముడి విప్పుకుంటున్నాడు. మాస్టరు చూశాడు. పెదవి కదిలింది. మాట రాలేదు.

"బావ కాదు సార్," అంది ఆమె.

తండ్రి తలెత్తాడు. వద్దని అనలేదు. చెప్పమని కూడా అనలేదు. ఆ అరచెయ్యి ఇంకా తెరుచుకునే ఉంది.

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మూసి, అప్పుడు చెప్పింది.

"మా నాన్న."