ఎనిమిదిమంది విన్న చప్పుడు

మూడోసారి పరీక్షకు వచ్చేవాళ్ళకు భయం ఉండదని ఎవరో అన్నారు. అన్నవాడు జన్మలో ఒక్కసారీ తప్పి ఉండడు. నేను రెండుసార్లు తప్పాను. వార్డు బయట వరండాలో పదమూడు కిటికీలున్నాయని, ఆరోదానికి గడియ ఊడిపోయిందని ఆ ఉదయానికి నాకు కంఠతా వచ్చేసింది. కూర్చుంటే కాలు ఊగుతోంది. నిలబడితే గొంతు ఎండుతోంది. నీళ్ళు తాగితే ఇంకోచోటికి పరిగెత్తాల్సి వస్తోంది.

ఈసారీ పోతే ఇంకో ఆరునెలలు. మా నాన్న స్కూలు బస్సు నడుపుతాడు. మొదటిసారి ఫలితాలు రాకముందే, అమ్మాయి డాక్టరైపోయిందని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. రెండోసారి తప్పాక ఫోనెత్తడమే మానేశాడు. పిన్ని చేస్తే బస్సు మీదున్నాడని అమ్మచేత చెప్పిస్తాడు, ఆదివారాలు కూడా. నేను పాసవాలనుకున్నది చదువు మీద ప్రేమతో కాదు. ఆయన మళ్ళీ ఫోనెత్తాలి, అంతే.

మా ఎనిమిదిమంది బ్యాచ్‌లో ఒకడిని రేడియో అంటాం. ఏ మంచంలో ఏ జబ్బుందో పరీక్షకు ముందే వార్డు అటెండరు దగ్గర కూపీ లాగి ప్రసారం చేస్తాడు. ఆ రోజు వార్త: నాలుగో మంచం, గుండె కేసు, కవాటం సన్నబడింది, మర్మర్ ఉంది. మర్మర్ అంటే గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే గరగర. అది నిజంగా విని పట్టుకోవడానికి మాలో చాలామందికి ఏళ్ళు పడుతుంది. వినిపించినా వినిపించకపోయినా ఉందని చెప్పెయ్యమని రేడియో నాకు ప్రత్యేకంగా చెప్పి వెళ్ళాడు, తప్పినవాళ్ళ మీది జాలితో.

ఎనిమిదిమందిలో నా వంతు చివరిది. తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఈ కేసులో రోగిని ఏమీ అడగకూడదు, చెయ్యీ చెవీ పెట్టి చెప్పాలి. రోగులు కూడా పెదవి విప్పకూడదని సిస్టరు పొద్దున్నే హెచ్చరించింది. రెండో అమ్మాయి కంగారులో రోగి చెయ్యి వదిలేసి ఎగ్జామినరు మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది. ఆయన ముప్పై సెకన్లు ఓర్చుకుని, నాది బాగానే ఉందా అని అడిగారు. ఇంకొకడు రోగిని ఊపిరి పీల్చి బిగబట్టమని, వదలమనడం మర్చిపోయి కవాటం గురించి చెప్పుకుపోయాడు. రోగి మొహం కందగడ్డైంది. ఎగ్జామినరే జాలిపడి వదిలెయ్యి నాయనా అన్నారు. ఎవరేం చేసినా, ఏడుగురూ మర్మర్ ఉందనే చెప్పి బయటపడ్డారు.

నా వంతు వచ్చింది. మంచం మీద ముప్పయ్యైదేళ్ళ దిట్టమైన మనిషి. స్టెతస్కోపు పెట్టాను. లబ్ డబ్, లబ్ డబ్. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి విన్నాను. కడిగిన పలకలా ఉంది, ఒక్క గీత లేదు. ఎగ్జామినరు పెద్దాయన, రిటైరయ్యాక కూడా పరీక్షలకు పిలిచేంత పేరున్నవారు. "ఊఁ?" అన్నారు.

"మర్మర్ ఉంది సార్," అంది నా నోరు.

ఆయన తన స్టెతస్కోపు అదే చోట పెట్టి కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత గుడ్ అని మార్కులు వేశారు. రెండుసార్లు తప్పినవాళ్ళకు మార్కుల కాగితం తలకిందులుగా చదవడం వస్తుంది. ఇరవైకి పదహారు. మిగతా కేసులవి కలుపుకుంటే పాసు, అదీ అంచు మీద.

ఎగిరి గంతెయ్యాలి కదా. వెయ్యలేకపోయాను. ఏడుగురికి వినిపించింది, ఆయనకు వినిపించింది, నాకు లేదు. మెట్ల కింద నిలబడి నా గుండె నేనే విన్నాను. అది బాగానే వినిపించింది, కాకపోతే గుర్రంలా పరిగెడుతోంది. చెవుల్లో లోపమున్న దానికి డాక్టరు చదువెందుకని నా మీద నాకే ఒళ్ళుమండింది.

మిగతావాళ్ళంతా టీకి వెళ్ళిపోయారు. లిఫ్టు పక్కన చక్రాల కుర్చీలో నాలుగో మంచం మనిషి కనిపించాడు, ఒక చేత్తో గుండె పట్టుకుని.

"డాక్టరమ్మా, ఒక్క మాట. నేను రోగిని కాదు. రోగి మా అన్న."

అన్నకు స్కానింగు వరసలో పిలుపొచ్చిందట. మంచం ఖాళీగా ఉంటే ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని తమ్ముణ్ణి పడుకోబెట్టి వెళ్ళాడట. నోరు మెదపొద్దన్నారని ఇతను మెదపలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి గుండె చెడిపోయిందని చెబుతుంటే వింటూ పడుకున్నాడు. మెట్లు దిగడానికి భయమేసి కుర్చీ అడిగి తెచ్చుకున్నాడు. లారీ డ్రైవరట. ఇక స్టీరింగు పట్టలేనని ఓనరుకు ఫోను కూడా చేసేశాడు.

"అన్నకుందని తెలుసు. నాకూ ఉందని ఇవాళే తెలిసింది. దాచకుండా చెప్పమ్మా, ఎన్నాళ్ళుంటాను? పిల్ల ఇంకా చిన్నది."

ముందు నవ్వొచ్చింది. అతని మొహం చూశాక ఆ నవ్వు గొంతులోనే అడ్డంపడింది. మీకేమీ లేదని చెప్పాను. మరి లోపల ఉందన్నావే అన్నాడు. పెద్దాయన నోటితో చెబితేనే నమ్ముతానన్నాడు.

రూల్సు కూడా తప్పినవాళ్ళకే బాగా తెలుస్తాయి. కేసు తప్పని తేలితే ఆ మార్కులు అందరికీ కొట్టేస్తారు. మిగతా ఏడుగురూ అవి లేకపోయినా గట్టెక్కుతారు. నేను మునుగుతాను. ఏం చెయ్యాలో తోచక కిటికీ దాకా నడిచి వచ్చాను. మళ్ళీ నడిచాను. మూడోసారి తిరిగొచ్చేసరికి అతని కళ్ళనిండా నీళ్ళు.

"అంత బాగాలేదా అమ్మా?"

ఇంకేం మిగిలింది ఆలోచించడానికి. కుర్చీ తోసుకుంటూ ఎగ్జామినరు గదికి వెళ్ళాను. మనిషి మారాడని, నాకు పొద్దున ఏమీ వినిపించలేదని, అబద్ధం చెప్పానని చెప్పాను. ఆయన కాగితం ముందుకు లాక్కుని, ఆ వరస మార్కులన్నీ నిలువుగా కొట్టేశారు. నా పేరు దగ్గర కూడి చూసుకుని తలెత్తారు.

"తెలిసే వచ్చావా?"

"తెలిసే సార్." ఏడుపు తన్నుకొస్తోంది. నాన్న మీద, రేడియో మీద, అన్నిటికంటే నా మీద కోపంగా ఉంది.

నీ గుండెకు ఢోకా లేదని ఆయన ఆ మనిషికి చెప్పారు. అతను కదల్లేదు. ఉందన్నవాళ్ళు అంతమంది, లేదన్నవాళ్ళు ఇద్దరు, తనెవర్ని నమ్మాలన్నాడు. ఉందన్న ప్రతి ఒక్కరూ వచ్చి, మళ్ళీ విని, లేదని తన మొహం మీద చెబితే తప్ప ఇంటికి పోనన్నాడు. అడిగినదాంట్లో తప్పేమీ లేదు, వెళ్ళి పిలుచుకురా అన్నారు పెద్దాయన.

క్యాంటీన్లో ఏడుగురూ నన్ను నమిలి మింగేసేలా చూశారు. అయినా వచ్చారు. గదిలో వరస కట్టాం. ముందు నేను విన్నాను. ఏమీ లేదన్నాను. మరి పొద్దున అలా ఎందుకన్నావని అడిగాడతను. మళ్ళీ తప్పుతానని భయమేసిందని చెప్పాను. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవ్వరూ తొందరపడలేదు. ఏమీ లేదనేవారు, అతను అదే ప్రశ్న అడిగేవాడు. ఒకతను అందరూ అన్నారని అన్నానన్నాడు. రేడియో బూట్ల వంక చూస్తూ, తను విననే లేదని ఒప్పుకున్నాడు.

రేడియో పక్కకు తప్పుకున్నాక చూస్తే, వరస చివర పెద్దాయన నిలబడి ఉన్నారు. వంగి, నిమిషంపైన విన్నారు.

"ఏమీ లేదు. మంచి గుండె."

"మరి పొద్దున, సార్?" అన్నాడతను.

"పొద్దునా నాకేమీ వినపడలేదు," అన్నారాయన. "ఇంతమంది పిల్లలకు వినిపించిందంటే నా చెవులు పోయాయి కాబోలు అనుకున్నాను. ఆ సంగతి బయటపడుతుందని భయమేసింది."

అప్పటికి గానీ అతనికి నమ్మకం కుదరలేదు.